చీమలు పట్టిన కార్బరేటర్

మెకానిక్ పనికి కొత్తగ వచ్చిన పిల్లలు ఎవ్వలైనా సరే, పానా చేతికి రాంగనే ఇంజన్ విప్పాలని చూస్తరు. ఇంజన్ విప్పితేనే మెకానిక్ అని వాళ్ళ నమ్మకం. వరంగల్ల ములుగు రోడ్డు మీద షెడ్డు నడిపినన్ని రోజులు నేను కూడా మస్తు ఇంజన్లు విప్పిన. గేర్‌బాక్సులు కుప్ప పోసి మళ్ళ ఎక్కించిన. నిజం చెప్పాలంటే అవేవీ నాకిప్పుడు సరిగ యాది లేవు.

నాకు యాదున్నది చింతగింజంత రబ్బరు ముక్క. నా పేరు చెడగొట్టింది అదే, మళ్ళ నిలబెట్టింది అదే. ఈ మధ్య మోకాళ్ళు మొరాయిస్తాన్నయని షెడ్డు ఇంకొకలకు అప్పజెప్పిన. ఖాళీగ ఉన్న కదా అని ఆ ముక్క సంగతి రాస్తాన్న. ఈ పనిల దిగే పిల్లలు చదువుకోవాలె. చదువుకొని నవ్వినా పర్వలేదు.

కార్బరేటర్ అనబడే కార్పొరేటర్

ముందుగల ఒక ముచ్చట. మా దిక్కు సగం మంది కార్బరేటర్‌ను కార్పొరేటర్ అంటరు. తొర్రూరు నుంచి వచ్చిన రైతైనా అంతే, ఇంజనీరింగ్ చదివే పిల్లగాడైనా అంతే. "అన్నా, కార్పొరేటర్ల చెత్త చేరింది, జర కడుగు" అంటరు. మొదట్ల నేను సరిదిద్దేది. కొన్నేండ్లకు నా నోరే తిరిగి, నేను కూడా కార్పొరేటర్ అనుడు మొదలువెట్టిన. మా వార్డుకు ఎలక్షన్లు వచ్చినప్పుడు "కార్పొరేటర్‌గ నిలబడ్డ" అని ఒకాయన చేతులు జోడిస్తే, నా కండ్ల ముందు కార్బరేటర్ల పెట్రోల్ చిమ్మే ఇత్తడి జెట్టు మెదిలింది.

ఇగ అది చేసే పని ఏందంటే, ఇంజన్‌కు ఊపిరి కావాలె. ఆ ఊపిరి కార్బరేటర్ల నుంచి పెట్రోల్ కలుపుకొని పోతది. కార్బరేటర్‌కూ ఇంజన్‌కూ నడుమ ఒక పొట్టి పైపు ఉంటది. చాలా బండ్లకు ఆ పైపు మీద సన్నటి ముక్కు ఒకటి పొడుచుకొని ఉంటది, పరీక్షలు చేసేటప్పుడు పైపు తగిలించేటందుకు. మామూలుగ దానితోటి పని ఉండదు కాబట్టి దాని మీద ఒక రబ్బరు టోపీ తొడిగి మూసేస్తరు.

ఆ టోపీ మంచిగున్నన్ని రోజులు అదొకటి ఉన్నదని ఎవ్వలికీ తెల్వది. ఎండకు, ఇంజన్ వేడికి, పెట్రోల్ తడికి అది బిరుసెక్కి పగిలిందనుకో, ఇంజన్ ఆ సందుల నుంచి దొంగతనంగ గాలి గుంజుకుంటది. ఆ గాలిల పెట్రోల్ ఉండదు. బండి ఆగినకాడ ఊకోదు, ఎక్సలేటర్ ముట్టకున్నా రయ్యిమంటది. ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్ల ఢాం ఢాం అని తేన్పుతది.

ఇప్పుడొచ్చే కొత్త బండ్లకు కార్బరేటర్ లేదు, నిజమే. కానీ పాలకుర్తి దిక్కు పొలాల గట్ల మీద చూడు, ఇంకా పాత బండ్లే తిరుగుతాన్నయి. అవి మనకంటే గట్టియి. కాబట్టి ఈ ముచ్చట అప్పుడే పాతవడదు.

ముందుగల చాయ్, తర్వాత పానా

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. పోచమ్మ మైదాన్ కాడ ఆయన దుకాణం. బండ్ల సంగతి అంత తెలిసిన మనిషిని నేను మళ్ళ చూడలే. ఆయనకు బండి నడపరాదు. చెప్తే ఎవ్వలూ నమ్మరు గానీ, పొద్దున సైకిల్ మీద వచ్చేది, సాయంత్రం సైకిల్ మీద పోయేది. రిపేరు చేసిన బండిని నడిపి చూసుడు మా పని. ఆయన అరుగు మీద కూసొని శబ్దం విని "రెండో గేర్ల ఏమో ఏడుస్తాంది, వాపస్ తే" అని కేక వేసేది.

ఆయన పెట్టిన రూలు ఒక్కటే. బండి రాంగనే ఎవ్వలూ ముట్టొద్దు. చాయ్ తెప్పించాలె. కూసొని తాగుకుంట బండిని చూడాలె.

"ఇంజన్ చల్లారాలె, కస్టమర్ చల్లారాలె, నువ్వు చల్లారాలె. అప్పుడు ముట్టు" అనేది.

ఒకసారి ఒక బ్యాంకు క్లర్కు వచ్చి బండిల గలగల శబ్దం వస్తాందని పరేషాన్ అయితాండు. ఇద్దరు మెకానిక్కుల దగ్గర చెయిన్ మార్పించిండట, శబ్దం పోలేదట. ఉస్తాద్ చాయ్ తాగుడు అయ్యేదాంక ఆయన దిక్కే చూసిండు. కప్పు కింద పెట్టి, "నీ టిఫిన్ డబ్బల చెంచా తీసి జేబుల పెట్టుకో" అన్నడు. శబ్దం పోయింది.

ఆయన మంచోడని నేను అనను. కోపం ఎక్కువ, మెప్పు తక్కువ. పని నోటితోటి చెప్పేటోడు కాదు, చూసి నేర్చుకోవాలె. అయినా పిల్లలకు చెప్తాన్న, ఉస్తాద్ మంచోడు కాకున్నా నడుస్తది, వాని చెవులు మంచియి అయితే చాలు.

వీరేశం సేటు

ఇగ అసలు సంగతి. వీరేశం సేటుది బీట్ బజార్ల బెల్లం, చింతపండు దుకాణం. నా దగ్గరికి వచ్చే కస్టమర్లల్ల అంత నిమ్మళమైన మనిషి లేడు. ఆయన మాట ఎంత మెల్లగ ఉంటదంటే, బేరం చేసేటోళ్ళు చెవి ఆయన నోటి కాడ పెట్టాలె. హమాలీలను "జరగుండ్రి" అంటే వాళ్ళు వినపడక ఆయననే తోసుకుంట పోయేటోళ్ళు.

ఆ సేటే వాళ్ళ కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. కాలనీల పిల్లలు కొందరు బండ్ల సైలెన్సర్లు పీకేసి తిరుగుతరు. వాళ్ళకు ముందుండి నడిపించేది వంశీ అని ఇంజనీరింగ్ చదివే పిల్లగాడు. వాళ్ళ బాధ పడలేక సేటు మీటింగు పెట్టి ఒక రూలు చేయించిండు. లొల్లి చేసే బండి ఎవ్వలిదైనా సరే కాలనీ గేటు లోపలికి రావద్దు, బయట్నే పెట్టి నడిచి రావాలె.

రూలు వచ్చినంక జర రోజులకు సేటు బండే రయ్యిమనుడు మొదలువెట్టింది.

సేటు షెడ్డుకు వచ్చి చెప్తాంటే నేను చెవి దగ్గర పెట్టి విన్న.

"గేటు కాడ ఆగితే గయ్యిమంటాంది సారయ్యా. నేనేం ముట్టలే. పిల్లలు చప్పట్లు కొడతాన్రు. నాకు రేసర్ తాత అని పేరు పెట్టిన్రు."

"వైరు పట్టి ఉంటది సేటూ, చూస్త" అన్న.

"నిన్న చౌరస్తల సిగ్నల్ కాడ ఆగిన. నా పక్కన పెద్ద బండి మీద ఒక పిల్లగాడు. నా బండి దానంతటదే రయ్యి రయ్యిమంటాంది. వాడు నన్ను చూసి నవ్వి తల ఊపిండు. నేను కూడా మర్యాదకు ఊపిన. పచ్చ లైటు పడంగనే వాడు బాణం లెక్క ఉరికిండు. నేను మెల్లగ పోతే, ముందల ఆగి నిలబడి, 'ఏంది తాతా, పందెమని ఆశ పెట్టి భయపడ్డవా' అన్నడు."

నేను నవ్వలే. నవ్వితే ఆయనకు బాధ అయితది. ఎక్సలేటర్ వైరు మార్చిన, ప్లగ్గు మార్చిన, కార్బరేటర్ విప్పి జెట్లు ఊది బిగించిన. స్లో, అంటే బండి ఆగినప్పుడు ఇంజన్ నడిచే వేగం, తగ్గిస్తే సిగ్నల్ కాడ బందైతది, పెంచితే రయ్యిమంటది. నడుమ మాట లేదు. సేటు ఇంకిద్దరు మెకానిక్కుల దగ్గరికి కూడా పోయిండు. వాళ్ళు కూడా కార్బరేటరే విప్పిన్రు. మెకానిక్కులకు అదొక జబ్బు. బండికి ఏమైనా ముందు కార్బరేటర్ విప్పుతరు, డాక్టరు నాలుక చూపెట్టమన్నట్టు.

బెల్లం మహిమ

ఇంతల మేడారం జాతర వచ్చింది. సమ్మక్క తల్లికి మొక్కు అంటే బెల్లమే. మా దిక్కు ఆ బెల్లాన్ని బంగారం అంటరు. జాతర ముందు బీట్ బజార్ల కాలు పెట్ట సందుండదు. ఆటోలు దొరకక సేటు ఒకనాడు బెల్లం బస్తా తన బండి ట్యాంకు మీదనే పెట్టుకొని గోదాము నుంచి దుకాణానికి తెచ్చిండు. మిట్ట మధ్యాహ్నం, ఎండ, కింద ఇంజన్ వేడి. బస్తా అడుగు తడిసి, బెల్లం కరిగి, పాకమై ట్యాంకు పక్క నుంచి కిందికి కారింది.

తెల్లారి సేటు బండి నా షెడ్డు ముందల ఆగింది. ఆగిందని నాకు తెల్వనే లేదు, అంత మెత్తగ ఉన్నది ఇంజన్.

"ఏం చేసిన్రు సేటూ?" అన్న.

"నేనేం చేయలే. తల్లి బంగారం మోసింది కదా. తల్లి దయ" అన్నడు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి ఆయనకు.

బండి మాత్రం చెయ్యి పెడితే అతుక్కుంటాంది. ఈగలు ముసురుతాన్నయి. మంచి చేస్తాన్న అనుకొని నేను దాన్ని పక్కకు నూకి, పైపు పెట్టి, సబ్బు వేసి తళతళ మెరిసేటట్టు కడిగి ఇచ్చిన. సేటు ఎక్కి స్టార్టు చేసిండు.

రయ్యిమన్నది.

సేటు బండి బందుపెట్టిండు. తర్వాత మెల్లగ అన్నడు, "నువ్వు కడిగింది మురికి కాదు సారయ్యా. మహిమ."

అప్పటి సంది ఆయన ప్రతి శుక్రవారం ట్యాంకు మీద ఒక బెల్లం ముద్ద పెట్టుడు మొదలువెట్టిండు. ఒక్కొక్క వారం పనిచేసేది, ఒక్కొక్క వారం చేయకపోయేది. పనిచేయకపోతే భక్తి తక్కువైందని ఇంకింత పెద్ద ముద్ద పెట్టేది. వాళ్ళింటామె ఒకరోజు బజారుకు పోతా పోతా నా షెడ్డు కాడ ఆగింది.

"సారయ్యా, ఆయనకు షుగరున్నదని నేను ఇంట్ల బెల్లం ముట్టనిస్తలేను. ఆయన పోయి బండికి తినిపిస్తాండు. బండికి కూడా షుగరొస్తే ఎట్ల?" అన్నది.

"రాదమ్మా" అన్న. మళ్ళ ఆలోచిస్తే, ఏమో అనిపించింది.

ఇదంతా నవ్వులాటగనే ఉండేది గానీ, బజార్ల ఒక మాట పుట్టింది. దేవుడు బాగుచేసిన బండిని సారయ్య పాడుచేసిండట, వాని చేయి మంచిది కాదట అని. సేటు ఆ మాట అనలే. కానీ జరిగింది జరిగినట్టు నలుగురికి చెప్పిండు, అది చాలదా. బీట్ బజార్ల నుంచి నా దగ్గరికి వచ్చే బండ్లు తగ్గినయి. ఒకాయన బండి తెచ్చి, "పని చెయ్యి గానీ కడగకు" అని కండీషన్ పెట్టిండు. నాకు నవ్వు రాలే. ఎన్నో ఏండ్లు గ్రీజుల చేతులు పెట్టి సంపాదించుకున్న పేరు, కడిగినందుకు పోయేటట్టున్నది.

చీమలు

కాలనీ పిల్లలు ఊకున్నరా? అందరూ కలిసి అర్జీ పెట్టిన్రు. రూలు అందరికీ ఒక్కటే కదా, ప్రెసిడెంటు బండి గేటు దాటి లోపలికెట్ల వస్తాంది అని. ఆదివారం సాయంత్రం మీటింగు. వార్డు కార్పొరేటర్ మేడమ్‌ను కూడా పిలిచిన్రు.

ఆ పొద్దున సేటు బండి తెచ్చి నా ముందు స్టాండు వేసిండు.

"ఇది ఈడనే ఉండనియ్యి సారయ్యా. రూలు పెట్టింది నేను, నేనే తప్పితే ఎట్ల. ఇయ్యాల ప్రెసిడెంటు పదవి వదిలేస్త. రేపటి సంది బజారుకు నడిచి పోత."

"మీ మోకాళ్ళతోటి ఆడిదాంక ఎట్ల నడుస్తరు సేటూ?"

"ఆగుకుంట పోత" అని ఆటో ఎక్కి పోయిండు.

నాకు మనసున పట్టలే. చాయ్ తెప్పించుకొని, స్టూలు వేసుకొని, బండికి ఎదురుంగ కూసున్న. ఏమీ ముట్టలే, ఊకనే చూస్తాన్న.

చూస్తాంటే స్టాండు కాలు పట్టుకొని చీమల బారు ఒకటి ఎక్కుతాంది. ఎర్ర చీమలు. వారం వారం బెల్లం కారిన బండి కదా, చీమలు రాకుంటేనే వింత. కానీ ట్యాంకు పక్కన ఇంత మందాన బెల్లం గడ్డకట్టి ఉంటే అవి దాని మొకం చూడకుండ పోతాన్నయి. ఇంజన్ వెనుక నుంచి లోపలికి మళ్ళి, కార్బరేటర్ దాటి, ఆ పొట్టి పైపు కాడికి పోయి గుమిగూడినయి. వంగి చూసిన. రబ్బరు టోపీ నెత్తి మీద ఒక పగులు. పగులు నిండ బెల్లం. బెల్లం మీద చీమలు, ఒకదాని మీద ఒకటి, పెండ్లి బంతి లెక్క.

చాయ్ కింద పెట్టిన. అప్పటికి సంగతి మొత్తం తెలిసిపోయింది. కరిగిన బెల్లం ఈ పగులుల ఇంకి, గట్టిపడి, సందు మూసింది. అందుకే బండి నిమ్మళమైంది. నేను నీళ్ళు కొట్టి కడిగితే బెల్లం కరిగిపోయింది, సందు తెరుసుకున్నది. శుక్రవారం నాడు బెల్లం అటు కారితే బండి మంచిది, ఇటు కారితే కాదు. భక్తిల తేడా ఏం లేదు.

తడిబట్ట పెట్టి తుడిచి, టోపీ పీకిన. చేతిలనే రెండు తునకలైంది. బండి స్టార్టు చేస్తే షెడ్డు దద్దరిల్లింది. ఆ ముక్కు మీద వేలు పెట్టి మూసిన. వేలును పసిపిల్ల నోరు లెక్క లోపలికి గుంజింది, ఇంజన్ ఠక్కున నిమ్మళమైంది. వేలు తీస్తే రయ్యిమన్నది. పెడితే ఊకున్నది. నేను పెడుతాన్న, తీస్తాన్న. పక్క పంక్చర్ దుకాణపాయన వచ్చి, "ఏందన్నా, హార్మోనియం వాయిస్తాన్నవా" అన్నడు.

కొన్ని చీమలు ఆ రంధ్రంల నుంచి ఇంజన్‌లకు పోయినయి. పని చేసుకుంట పోయినయి పాపం.

మీటింగు

ఆదివారం స్పేర్ పార్టుల దుకాణాలు బందు. తెలిసినాయన ఇంటికి పోయి, షట్టరు తీపిచ్చి, కొత్త టోపీ తెచ్చేసరికి సాయంత్రమైంది. టోపీ జేబుల వేసుకొని, ఆ రయ్యిమనే బండి మీదనే కాలనీకి పోయిన. గేటు కాడ పిల్లలు చప్పట్లు కొట్టి, దిగింది నేనని చూసి ఆపిన్రు.

కమ్యూనిటీ హాలు ముందల కుర్చీలు వేసిన్రు. నడుమ కుర్చీల కార్పొరేటర్ మేడం. ఆమె పక్కన ఆమె భర్త, తెల్ల టోపీ పెట్టుకొని. ఆమెకు ఎవ్వలన్నా దండం పెడితే ఆయనే బదులు పెడతాండు. ఆమెను ఏమన్నా అడిగితే ఆయనే జవాబు చెప్తాండు.

సేటు లేచి నిలబడి పదవి వదిలేస్తాన్న అని చెప్పిండు. ఎవ్వలికీ వినపడలే.

"ఏమన్నరు తాతా?" అన్నడు వంశీ.

సేటు మళ్ళ చెప్పిండు. వెనుక కూసున్నోళ్ళు చాయ్ గురించి ఏమో చెప్తాండనుకొని కప్పుల దిక్కు చూసిన్రు. మూడోసారి చెప్పేటందుకు ఆయన ఊపిరి పీల్చుకుంటాంటే నేను ఉరికినట్టే ముందలికి పోయిన. చీమలను చూసిన సంది నాకు ఆగుతలేదు. ఇంత మంది ముందల మాట్లాడిన అలవాటు లేదు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఆగుండ్రి. తప్పు సేటుది కాదు, కార్పొరేటర్ కాడ ఉన్నది" అన్న.

అందరు మేడం దిక్కు చూసిన్రు. నేను ఆగలే.

"కార్పొరేటర్ మంచిదే. దానిల ఏ లోపం లేదు. పక్కన టోపీ ఉంటది చూడుండ్రి, అది ఖరాబైంది. పాతదై బిరుసెక్కింది. అడ్డంగ గాలి గుంజుకుంట కార్పొరేటర్‌ను పని చేయనిస్తలేదు. ఊకనే లొల్లి అంతా దానిదే. ఆ టోపీ పీకేసి కొత్తది పెడితే కార్పొరేటర్ దాని పని అది సల్లగ చేసుకుంటది."

మేడం భర్త నెత్తి మీది టోపీ తీసి చూసుకున్నడు. మళ్ళ పెట్టుకున్నడు.

మేడం నా దిక్కు తేరిపార చూసింది. నెమ్మదిగ అన్నది, "ఈ మాట నేను ఎలక్షన్ అయిన తెల్లారి సంది అనుకుంటాన్న అన్నా. నీకెట్ల తెలిసింది?"

అప్పుడు నాకు వెలిగింది. "బండి సంగతి మేడం, బండిది" అని, వట్టి మాటలతోటి కాదని ఆ బండినే కుర్చీల నడుమకు నూకి తెచ్చిన. స్టార్టు చేసిన. ముందు వరుసల పెద్దమనుషులు చెవులు మూసుకున్నరు. ముక్కు మీద వేలు పెట్టిన, నిమ్మళమైంది. అందరినీ చూడనిచ్చి, బండి బందుపెట్టి, జేబుల నుంచి కొత్త టోపీ తీసి తొడిగి మళ్ళ స్టార్టు చేసిన. ఇంజన్ నడుస్తాందా లేదా అని వంశీ వంగి చెవి పెట్టి చూడాల్సి వచ్చింది.

"ఇంతేనా అంకుల్?" అన్నడు వాడు.

"ఇంతే."

వాడు జర ఆలోచన చేసి, "అయితే మా బండ్లకు కూడా టోపీలే పగిలి ఉంటయి" అన్నడు.

"మీ బండ్లకు సైలెన్సర్లే లేవు కదా బిడ్డా" అన్నది మేడం. ఆమె భర్త ఏదో అనబోయి, టోపీ సర్దుకొని ఊకున్నడు.

సేటు పదవి సేటుకే ఉన్నది. ఆయన మూడోసారి చెప్పనే లేదు, మొదటి రెండు సార్లు ఎవ్వలికీ వినపడలే కాబట్టి లెక్కల రాలే. పిల్లలు ఒకరెనుక ఒకరు సైలెన్సర్లు బిగించుకున్నరు, కొందరు నా దగ్గరనే. బీట్ బజార్ల బండ్లు కూడా మళ్ళ వచ్చినయి. కొత్తగ వచ్చినోళ్ళు బండి స్టాండు వేసి, "అన్నా, చీమలు ఏమంటాన్నయి?" అని అడిగేటోళ్ళు. ఆ మాట ఇప్పటికీ పోలే.

టోపీ మార్చేటోళ్ళకు

నవ్వుకున్నది చాలు, పని మాట వినుండ్రి. బండి ఊకనే రేసైతాందంటే కార్బరేటర్ విప్పకముందు ఈ టోపీ చూడుండ్రి. కంటికి మంచిగ కనపడ్డా నమ్మొద్దు, గోరుతోటి ఒత్తి చూడాలె. మెత్తగ అణిగి మళ్ళ లేస్తే మంచిది, అప్పడం లెక్క పెళపెళమంటే పనైపోయినట్టు. ఇంకా అనుమానముంటే ఇంజన్‌ను స్లోల పెట్టి టోపీ చుట్టూ సబ్బు నీళ్ళు చుక్క చుక్క వెయ్యాలె. శబ్దం మారితే గాలి అక్కడ్నే పోతాంది. దీనికి పెట్రోల్ చల్లి చూసే మెకానిక్కులున్నరు. వాళ్ళల్ల కొందరికి కనుబొమ్మలు లేవు.

పీకేటప్పుడు ఇంజన్ బందుపెట్టి, చల్లారనిచ్చి, మెల్లగ తిప్పుకుంట గుంజాలె. తునక విరిగి లోపలికి పోయిందంటే ఇంజన్ దాన్ని మింగుతది, అప్పుడు నీకు నచ్చిన పెద్ద పని దొరుకుతది. ముక్కును మంచిగ తుడిచి, కొత్త టోపీ అడుగు దాంక నూకాలె. సగం దాంక నూకి వదిలితే మొదటి గుంతకే ఊడిపోతది. సైజు అదే ఉండాలె. సైకిల్ ట్యూబు ముక్క దారంతోటి కట్టినోళ్ళను చూసిన, నమిలిన బబుల్‌గమ్ పెట్టినోళ్ళను చూసిన. బెల్లం వీటికంటే నయం. అయినా వద్దు.

పని సులువు, అందుకే ఎవ్వలూ దాని దిక్కు చూడరు. పెద్ద పని చేస్తే కస్టమర్‌కు మన మీద గౌరవం పెరుగుతదని మనకొక ఆశ. చిన్నది చూసి, చిన్నదే చేసి, "అయిపోయింది, తీస్కపో" అనుడు చేతకావాలె. నాకది రావటానికి సగం జీవితం పట్టింది.

సేటు మళ్ళ వచ్చిండు

ఆ మీటింగు అయిన చాలా రోజులకు సేటు షెడ్డుకు వచ్చిండు. బండి మంచిగనే ఉన్నది. ఆయన అటు ఇటు చూసి, ఎవ్వలూ లేరని చూసుకొని దగ్గరికి జరిగిండు. నేను చెవి పెట్టిన.

"ఆ పగిలిన టోపీ ఉన్నదా సారయ్యా?"

"ఆనాడే పారేసిన. ఎందుకు సేటూ?"

సేటు హ్యాండిల్ మీద దుమ్ము లేకున్నా తుడిచిండు.

"ఇన్నేండ్లు ఆ బజార్లనే ఉన్న. నేను జరగుండ్రి అంటే ఒక్కలు జరిగిన పాపాన పోలే. ఆ కొన్ని రోజులు బండి రయ్యిమంటే మాత్రం అందరు జరిగిన్రు. ఆటోలు జరిగినయి, హమాలీలు జరిగిన్రు, ఆఖరుకు ఎద్దు కూడా జరిగింది. ఇప్పుడు మళ్ళ నేను వచ్చింది ఎవ్వలికీ తెల్వది" అన్నడు.

"పగిలిన టోపీతోటి నడిపితే ఇంజన్ వేడెక్కి వాల్వులు కాలిపోతయి సేటూ" అన్న.

"అట్లనా. అయితే వద్దు" అని బండి దిక్కు మళ్ళిండు.

"ఆగుండ్రి" అని స్క్రూడ్రైవర్ తీసుకున్న. బండి స్టార్టు చేయమని, స్లో స్క్రూ ఇంత తిప్పిన. ఇంజన్ గొంతు జర బరువైంది.

"చాలా?"

సేటు తల పక్కకు వంచి విన్నడు. "ఇంకింత."

ఇంకింత తిప్పిన.

"చాలు" అన్నడు.

ములుగు రోడ్డు మీదికి ఎక్కిండు. రోడ్డు నడుమ ఒక ఆటో ఆగి ఉన్నది, ఎవ్వలితోనో బేరం చేస్తాండు డ్రైవరు. సేటు దాని వెనుక పోయి ఆగిండు, ఏమీ అనలే. ఆటో డ్రైవరు ఆ చప్పుడు విని, అద్దంల చూసి ఆటోను పక్కకు తీసిండు. సేటు ఆయనకు చెయ్యెత్తి దండం పెట్టి, నడుము నిటారుగ చేసి ముందుకు పోయిండు.